చెల్లెలి థైరాయిడ్ స్కాన్

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి మా చెల్లెలి చేతికి కాగితపు పట్టీ చుట్టి అంటించింది. పట్టీ మీద పేరు, పుట్టినరోజు, దాన్ని అచ్చువేసిన సమయం ఉన్నాయి. ఆ సమయాన్ని తర్వాత కోర్టులో చదివి వినిపించారు కాబట్టి నాకు నిమిషాలతో సహా గుర్తుంది. అది ఒక మంగళవారం. అక్కడికి పందొమ్మిదో రోజున, ఆదివారం ఉదయం, ఆమె భర్త రెండు చేతులతో ఆమె గొంతు నులిమి చంపాడు. చదివేవాళ్లు దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదని ముందే చెప్పేస్తున్నాను. నేను రాయదలచుకున్నది ఆ మంగళవారం గురించి.

అంతకు పది రోజుల ముందు ఫోన్‌లో ఆమె గొంతు మారింది. గరగరగా, లోపల ఏదో అడ్డం పడ్డట్టు ఉంది.

"జలుబు చేసిందా?" అన్నాను.

"లేదక్కా. మింగుతుంటే పట్టేసినట్టుంది."

"ఎన్నాళ్లనుంచి?"

"నాలుగైదు రోజుల్నించి."

"జుట్టు రాలుతోందా?"

"రాలుతోంది."

"నీరసం?"

"ఉంటానే ఉంది."

"ఇంకేముంది, థైరాయిడే. అమ్మకి కూడా ఇట్లాగే మొదలయింది."

అవతల రెండుసార్లు దగ్గింది. తర్వాత, "అయ్యుంటుందక్కా," అంది.

మా ఇళ్లల్లో థైరాయిడ్ తెలియని ఆడమనిషి లేదు. ఒళ్లు చేస్తే థైరాయిడ్. చిక్కితే థైరాయిడ్. ఊరికే ఏడుస్తున్నా, పిల్లల మీద విసుక్కుంటున్నా, మొగుడితో మాటామాటా పెరుగుతున్నా థైరాయిడ్ పరీక్ష చేయించుకోమంటాం. అమ్మ ముప్పై ఏళ్లుగా పొద్దున్నే పరగడుపున ఆ చిన్న మాత్ర వేసుకుంటోంది. నాకూ ఉంది. చెల్లెలికీ వస్తుందని మేం ఎప్పటినుంచో అనుకుంటూనే ఉన్నాం. అందుకే ఆమె గొంతు పోతే నాకు మరో కారణం తోచలేదు. గొంతు నొక్కితే కూడా గొంతు పోతుందని, మింగుతుంటే నొప్పి పుడుతుందని, అది రోజుల తరబడి ఉంటుందని నాకు అప్పుడు తెలియదు.

రక్తపరీక్ష చేయించాం. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ వచ్చింది. డాక్టర్‌తో వీడియో అపాయింట్‌మెంట్‌లో నేనే మాట్లాడాను. మా అమ్మకు ఉందని, నాకు ఉందని, ఆమెకు మింగుడు పడటం లేదని చెప్పాను. డాక్టర్ అల్ట్రాసౌండ్ రాశాడు.

నేను అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉంటాను. చెల్లెలి అపార్ట్‌మెంట్ మా ఇంటికి పావుగంట దూరం. ఆమె డిపెండెంట్ వీసా మీద వచ్చి నాలుగేళ్లయింది, డ్రైవింగ్ ఇంకా రాలేదు. నేర్పిస్తానని ఆమె భర్త నాలుగేళ్లుగా అంటున్నాడు. ఆ రోజు అతనే కారు నడిపాడు. నేను ముందు సీట్లో, ఆమె వెనక.

"వదినా, డాక్టర్‌ని ఒకమాట అడగండి. ఎట్లాగూ గొంతు చూస్తున్నారుగా, వాల్యూమ్ బటన్ ఏవన్నా పెడతారేమో," అన్నాడు. "మీ చెల్లి అరిస్తే పక్క బిల్డింగ్‌వాళ్లు కూడా కిటికీ తీస్తున్నారు."

"మా వైపు ఆడవాళ్లకి ఆ బటన్ రాదులే," అన్నాను.

ఇద్దరం నవ్వాం. అద్దంలో చూస్తే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. చున్నీ మెడ చుట్టూ రెండు మడతలు వేసుకుంది. మే నెల, బయట ఎండ బాగా ఉంది. ఏసీ ఎక్కువైందేమో అనుకుని తగ్గించాను.

క్లినిక్ ముందు పార్కింగ్‌లో ఆపి అతను ఫోన్ చూసుకున్నాడు. "ఎంతసేపు? పావుగంటేగా? నాకు టీమ్ మీటింగ్ ఉంది, కార్‌లోనించే జాయిన్ అవుతా. మీరున్నారుగా వదినా, నాకు టెన్షన్ లేదు."

అతను లోపలికి రాలేదు. ఇది నేను మర్చిపోకూడని విషయం. ఆ గదిలో అతను లేడు. అక్కడ ఆమెకు అడ్డం వచ్చిన మనిషిని నేనే.

రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగా అడిగింది, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలా అని. ట్యాబ్లెట్‌లో వీడియో మీద ఒక మనిషి వస్తారు, డబ్బులేం కట్టక్కర్లేదు. అక్కర్లేదు, నేను ఆమె అక్కని, నేను చెబుతాను అన్నాను. వద్దంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. చెల్లెలి చేతికిచ్చి ఎక్కడ పెట్టాలో చూపించాను. పెట్టింది.

నాకు అది అలవాటైన పని. మా చుట్టుపక్కల ఇళ్లకు తల్లిదండ్రులు ఆర్నెల్లకోసారి వస్తుంటారు. పిల్లలకి సెలవు దొరకనప్పుడు ఆ పెద్దవాళ్లను నేను హాస్పిటల్‌కు తీసుకెళ్లేదాన్ని. పంటి డాక్టర్, కంటి డాక్టర్, మోకాళ్లు, షుగర్. ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. బాగా చేస్తానని పేరు కూడా వచ్చింది.

అక్కడ ప్రతిచోటా నర్సు ఒక ప్రశ్న అడుగుతుంది. ఇంట్లో మీకు భద్రంగా అనిపిస్తోందా, మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అని. అందరినీ అడుగుతారు. మొదట్లో నేను దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేదాన్ని. ఒకసారి ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్‌గారిని బీపీ చూపించడానికి తీసుకెళ్లాను. నేను ఆ ప్రశ్న చెప్పగానే ఆయన బల్ల మీదనుంచి లేచి నిలబడ్డారు.

"ఏవమ్మా, ఏమడుగుతోంది ఆవిడ? మావాడు నన్ను కొడతాడా అనా?"

"అందర్నీ అడుగుతారండీ. రూలు."

"ఏం రూలమ్మా అది! నేను వాణ్ణి బెత్తంతో కొట్టి ఇంజనీర్‌ని చేశా. అది రాసుకోమను! తిరిగి కొట్టే పెంపకం కాదు మాది, అదీ రాసుకోమను!"

బీపీ ఇంకా పెరిగింది. సాయంత్రం వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, అట్లాంటివి ట్రాన్స్‌లేట్ చేయకండి ప్లీజ్. నాన్న అన్నం మానేసి కూర్చున్నారు, ఇండియాకి టికెట్ బుక్ చేయమంటున్నారు."

అప్పటినుంచి ఆ ప్రశ్న వచ్చినప్పుడు నేనే జవాబు చెప్పేయడం మొదలుపెట్టాను. భద్రంగానే ఉన్నారు, ఎవరూ కొట్టరు. నర్సులు టిక్కు పెట్టుకుని తర్వాత ప్రశ్నకు వెళ్లేవాళ్లు. ఇలా ఎన్నో ఏళ్లు చేశాను. పెద్దవాళ్ల మనసు కష్టపెట్టకుండా పని జరిపిస్తున్నాననుకున్నాను.

టెక్నీషియన్ యాభై దాటిన మనిషి. బలమైన చేతులు, నెరిసిన జుట్టును సన్నటి జడలుగా అల్లుకుంది, కళ్లద్దాలు నెత్తిమీద. గదిలో లైట్లు తగ్గించి ఉన్నాయి. స్క్రీన్ సరిగ్గా కనపడాలి కదా. ఏం చేయబోతోందో ఆమె ముందే చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. వెల్లకిలా పడుకోవాలి. భుజాల కింద దిండు పెడతారు, అప్పుడు తల వెనక్కి వాలి మెడ సాగుతుంది. మెడ మీద జెల్ రాసి చేతిలో పట్టేంత పరికరంతో అటూ ఇటూ జరుపుతారు. సూదులు లేవు, ఎక్స్‌రే లాంటిది కాదు, నొప్పి ఉండదు. కొంచెం నొక్కుతారు. నొక్కినప్పుడు ఇబ్బందిగా ఉంటే చెయ్యి ఎత్తితే చాలు. మధ్యలో మాట్లాడకూడదు, చెప్పినప్పుడు మింగాలి. ఇరవై నిమిషాలు.

మెడలో ఉన్నవి తీసేయమంది.

చెల్లెలు చున్నీ విప్పింది. నల్లపూసల గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. కుడివైపు దవడ కింద పసుపూ గోధుమరంగూ కలిసిన మచ్చ ఒకటి, బొటనవేలంత. ఎడమవైపు వరసగా మూడు.

"ఏంటే అది?"

"ఈ వన్ గ్రామ్ గోల్డ్ పడట్లేదక్కా. చెమటకి ర్యాష్ వస్తోంది."

"చెబితే వినవు కదా. రోజువారీకి అది వేసుకోవద్దన్నానా?"

"ఇంక వేసుకోన్లే."

గొలుసు ఒరుసుకుంటే గొలుసు ఉన్నచోట ఒరుసుకుంటుంది. దవడ కింద కాదు. ఈ మాట నాకు తట్టడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ టెక్నీషియన్‌కు ఒక చూపు పట్టింది. ఆమె కళ్లద్దాలు కిందికి దించుకుని చూసింది. జెల్ సీసాను వేడినీళ్ల గిన్నెలోంచి తీసి తన మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుంది.

చెల్లెలు పడుకుంది. దిండు వల్ల మెడ మొత్తం పైకి తేలింది. పరికరం మెడను తాకీ తాకగానే ఆమె రెండు చేతులూ ఎగిరి వచ్చి టెక్నీషియన్ మణికట్టును పట్టుకున్నాయి. పట్టుకోవడం అంటే మామూలుగా కాదు. గోళ్లు దిగాయి. కాళ్లు బల్లను తన్నాయి, దాని మీద పరిచిన కాగితం చిరిగింది. నోట్లోంచి మాట రాలేదు, ఊపిరి మాత్రం చప్పుడుగా లోపలికి వెళ్లింది.

టెక్నీషియన్ చేయి లాక్కోలేదు. పరికరం పక్కన పడేసి, చెల్లెలి వేళ్లు వాటంతట అవే వదిలేదాకా ఆగింది. తర్వాత రెండు అరచేతులూ ఖాళీగా చూపించింది. నేను చెప్పకుండా నిన్ను ముట్టుకోను అంది. ఆమె మణికట్టు మీద నాలుగు ఎర్రటి గీతలున్నాయి.

ఆ మాట నేను తెలుగులో చెప్పాను. దానికి నా మాట కూడా కలిపాను. "ఏంటే చిన్నపిల్లలాగా! పాపం ఆవిడ చెయ్యి చూడు. నొప్పి ఉండదని చెప్పాం కదా."

"సారీ అక్కా."

"నాక్కాదు, ఆవిడకి చెప్పు."

"సారీ," అంది చెల్లెలు ఆమె వైపు తిరిగి. టెక్నీషియన్ తల అడ్డంగా ఊపింది.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ప్రతిదానికీ ముందు చెప్పి, ఒప్పుకున్నాక చేసింది. ఇప్పుడు కుడివైపు. ఇప్పుడు కొంచెం నొక్కుతాను. నేను స్క్రీన్ చూస్తూ నిలబడ్డాను. నడుమ గాలిగొట్టం, నల్లటి వంపులాగా. దానికి రెండువైపులా బూడిదరంగులో థైరాయిడ్. ఆమె ఒక అంచునుంచి ఇంకో అంచుకు చుక్కల గీత లాగి కొలత తీసుకుంది, బటన్ నొక్కింది, బొమ్మ నిలిచిపోయింది. పొడవు, వెడల్పు, లోతు. రెండు వైపులనూ కలిపే సన్నటి వంతెన. దాని పక్కన గుండ్రంగా నల్లగా కొట్టుకుంటున్నది ఏమిటని అడిగాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం అంది. ఒక బటన్ నొక్కితే అది ఎర్రగా వెలిగి ఆరి వెలిగి ఆరింది. చాలా వేగంగా. మింగమంది. మింగుతున్నప్పుడు చెల్లెలి మొహం ముడుచుకుంది.

ఆమె కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"జెల్ చల్లగా ఉందా?"

మాట్లాడకూడదు కాబట్టి వేలు అడ్డంగా ఊపింది.

పని అయిపోయాక టెక్నీషియన్ తువ్వాలు ఇచ్చింది. తుడుచుకోవడానికి ఆమె చేతికే ఇచ్చింది, మెడను తను తుడవలేదు. ఫలితం తను చెప్పకూడదని, బొమ్మలు రేడియాలజిస్ట్ చూసి రాస్తారని, రెండు మూడు రోజుల్లో మీ డాక్టర్‌కు వస్తుందని చెప్పింది. అది ఎక్కడైనా అంతే. వాళ్ల మొహం చూసి ఫలితం కనిపెట్టాలని ప్రయత్నించి లాభం లేదు.

తర్వాత నావైపు తిరిగి, బయట ఒక ఫారం ఉంది, కాస్త నింపుతారా అంది. ఇక్కడికే తెచ్చివ్వండి, నింపుతాను అన్నాను. అయితే రెండు నిమిషాలు బయట కూర్చోండి, నేను పేషెంట్‌తో మాట్లాడాలి అంది. ఆమెకు మీ ఇంగ్లిష్ అంతగా అర్థం కాదు, నేనుంటాను అన్నాను. ఇంటర్‌ప్రెటర్‌ను పిలుస్తానంది. వద్దని సంతకం పెట్టాం కదా అన్నాను. నాకు అప్పటికే చిరాకు మొదలైంది. నన్ను నమ్మడం లేదనిపించింది.

ఆమె స్టూలు లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చుంది. నావైపు చూడకుండా, ఒక్కొక్క మాటా విడదీసి, ఇంట్లో నువ్వు సేఫ్‌గా ఉన్నావా అని అడిగింది.

"యెస్," అన్నాను నేను.

"ఆమెను అడగండి, ప్లీజ్."

"అడగక్కర్లేదు. వాళ్లింట్లో ఏ గొడవా లేదు. నాకు తెలుసు."

"నేను ఆమె నోటినుంచి వినాలి."

చెల్లెలు ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె ఒంగోలులో కాన్వెంట్ పిల్లలకు సైన్స్ చెప్పింది. ఇక్కడివాళ్ల యాస అందదు గాని, సేఫ్ అన్న మాటా హోమ్ అన్న మాటా తెలియనిదేం కాదు. ప్రశ్న ఆమెకు అర్థమైంది. దానికి నా జవాబు కూడా అర్థమైంది. పెదవులు విడివడ్డాయి.

నేను తెలుగులో అన్నాను. "ఏవో ఫార్మాలిటీ ప్రశ్నలే. యెస్ అని చెప్పెయ్, పోదాం. ఆయన కార్‌లో వెయిట్ చేస్తున్నాడు."

"యెస్," అంది చెల్లెలు.

ఇంతే జరిగింది. ఎవరూ అరవలేదు. టెక్నీషియన్ ఇంకో రెండు క్షణాలు కూర్చుని లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఏదో టైప్ చేసింది. నేను గొలుసు ఇస్తే చెల్లెలు మెడలో వేసుకుంది. చున్నీ చుట్టుకుంది.

కార్‌లో అతను, "ఏమన్నారు?" అన్నాడు.

"రిపోర్ట్ తర్వాత వస్తుంది."

"చూశావా, అక్క ఉంటే అన్నీ స్మూత్‌గా అయిపోతాయి," అన్నాడు అద్దంలో ఆమెను చూస్తూ.

మూడో రోజున రిపోర్ట్ వచ్చింది. రెండు వైపులా పరిమాణం మామూలే. గడ్డలు లేవు. మళ్లీ స్కాన్ అవసరం లేదు. నేను ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అమ్మ కొబ్బరికాయ కొట్టిన ఫోటో పంపింది. చెల్లెలికి ఫోన్ చేశాను.

"చూశావా, ఏం లేదు. ఊరికే హడలిపోయావు."

"అంటే నాకేం లేదన్నమాట."

"ఏం లేదు."

"సరే అక్కా. మీ ఇంటికొచ్చి ఒక వారం ఉండనా?" అంది.

"ఉండు. కానీ ఈ నెలాఖరు దాకా పాపకి పరీక్షలే. అవి కానీ."

"సరే అక్కా."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు మా తలుపు కొట్టారు. అతనే వాళ్లకు ఫోన్ చేశాడట. నేను అపార్ట్‌మెంట్‌కు వెళ్లింది తొమ్మిది రోజుల తర్వాత, వాళ్లు పసుపు టేపు తీసేశాక. ఆ ఉదయం చెల్లెలు పడకగదిలోకి వెళ్లి తలుపు గడియపెట్టి దానికి సొరుగుల బల్ల అడ్డం జరిపింది. అతను వ్యాయామం చేసే ఇనుప డంబెల్‌తో తలుపు పగలగొట్టాడు. తలుపు నడుమ చెక్క లోపలికి విరిగి ఉంది. బల్ల తోసుకున్న గీతలు కార్పెట్ మీద అడుగున్నర మేర ఉన్నాయి. అంటే ఆమె అవతలినుంచి ఆపుతూనే ఉంది. దీపం స్టాండు వంగిపోయి ఉంది. దానితో ఆమె అతన్ని కొట్టిందని తర్వాత చెప్పారు. ఆమె గోళ్లలో అతని చర్మం దొరికింది. నాలుక మొదట్లో ఉండే చిన్న ఎముక విరిగిందని, దానికి చాలాసేపు, చాలా బలంగా నొక్కాలని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ నాకు చెప్పాడు. పాతది, మానుతున్న గాయం కూడా గొంతులో ఉందన్నాడు. నాలుగైదు వారాల కిందటిదై ఉండాలన్నాడు.

హాల్లో తెలుగు క్యాలెండర్ నడుము ఎత్తులో తగిలించి ఉంటుంది. ఇంత కిందికి ఎందుకు పెట్టారని నేనెప్పుడూ అడగలేదు. తీసి చూస్తే గోడలో పిడికిలి పట్టేంత బొక్క.

దహనం రోజున చాలామంది వచ్చారు. ఆమెను పువ్వుతోనూ దీపంతోనూ పోల్చి మాట్లాడారు. నాకు వాళ్ల నోళ్లు మూయించాలనిపించింది. ఆమె పువ్వు కాదు. తలుపు అవతల బల్లకు భుజం ఆనించి నిలబడ్డ మనిషి.

ఆ వారమే నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మా క్లినిక్‌లో మీ అనుభవం ఎలా ఉంది, ఒకటినుంచి ఐదు లోపల అంకె పంపండి అని. వంటింట్లో ఉన్నాను. ఫోన్‌ను గోడకేసి కొట్టాను. అది సరిపోలేదు. అప్పడాల కర్ర తీసుకుని మైక్రోవేవ్ తలుపును కొట్టాను, అద్దం నెర్రెలిచ్చేదాకా, తర్వాత రాలిపోయేదాకా, తర్వాత లోపలి పళ్లెం ముక్కలయ్యేదాకా. చేతికి బాగుంది. అది ఒప్పుకోవాలి. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చి, "అమ్మా, స్టాప్! నీ చెయ్యి బ్లీడ్ అవుతుంది," అని ఏడిచింది. నేను ఆ కర్ర పట్టుకుని ఆమెవైపు తిరిగాను. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. నన్ను చూసి భయపడి వెనక్కి వేసిన ఆ అడుగు చూశాక కర్ర కింద పెట్టాను.

విచారణ మొదలవడానికి ఏడాది పైగా పట్టింది. అతను నీలం కోటు వేసుకుని నాకు పది అడుగుల దూరంలో కూర్చునేవాడు. గడ్డం నున్నగా గీసుకుని వచ్చేవాడు. నేను రోజంతా అతని మెడ చూసేదాన్ని. రక్తనాళం ఎక్కడుంటుందో నాకిప్పుడు తెలుసు, స్క్రీన్ మీద చూశాను. అక్కడ ఎంతసేపు నొక్కితే ఏమవుతుందో డాక్టర్ చెప్పగా విన్నాను. నా బొటనవేళ్లు ఒళ్లో చీరకుచ్చెళ్ల కింద కదులుతుండేవి. ఇంతకాలం పుస్తకాలు చదివిన మనిషిని, దెబ్బకు దెబ్బ న్యాయం కాదని నమ్మిన మనిషిని. ఆ పది అడుగులూ, నడుమ పోలీసూ లేకపోతే నేనేం చేసేదాన్నో చెప్పలేను.

అంతకు ముందు అతను ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదని, ఆ ఒక్క ఉదయం ఆవేశంలో జరిగిపోయిందని అతని లాయర్ వాదన. దానికి ఆధారంగా ఆ స్కాన్ రోజు టెక్నీషియన్ టైప్ చేసిన నోట్ తీశాడు. ఇంట్లో సేఫ్‌గా ఉన్నానని పేషెంట్ చెప్పింది, సొంత అక్క ఎదుట చెప్పింది, భర్త ఆ గదిలో కూడా లేడు. భయపడి అబద్ధం చెప్పే అవసరం ఆమెకు ఏముంది అన్నాడు.

నా నోటినుంచి వచ్చిన మాటను అతను కాగితం మీదనుంచి చదువుతున్నాడు. అతను తక్కువ శిక్షతో బయటపడటానికి అది పనికొస్తోంది.

ప్రభుత్వం తరఫు లాయర్ ఆ సాయంత్రం నన్ను పిలిచి చెప్పింది. ఆ నోట్ చివర టెక్నీషియన్ ఇంకో వాక్యం రాసింది, అనువాదం చేసింది అక్క, ముందు జవాబు చెప్పింది కూడా అక్కే అని. కానీ జ్యూరీకి అది చాలదు. ఆ గదిలో తెలుగులో ఏం మాట్లాడారో తెలిసినవాళ్లు బతికున్నది మీరొక్కరే. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం అంది.

కోర్టులో వెనక వరసల్లో రోజూ మా వాళ్లు ఇరవై మంది దాకా కూర్చునేవాళ్లు. వాళ్లలో సగం మంది తల్లిదండ్రులను నేను హాస్పిటళ్లకు తిప్పినదాన్నే. మా అమ్మ అక్కడికి రాలేదు, కాని అక్కడ చెప్పిన ప్రతి మాటా సాయంత్రానికి ఒంగోలు చేరుతుంది. ఇంటికి వెళ్లి మైక్రోవేవ్ లేని ఆ ఖాళీ చోటు చూస్తూ ఆలోచించాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు బోనులో కూర్చున్నాను. నా సోదరి ఆ ప్రశ్నకు ఏం చెప్పిందని ప్రభుత్వం తరఫు లాయర్ అడిగింది.

"ఆమె చెప్పలేదు. నేను చెప్పాను."

"తర్వాత ఆమె కూడా చెప్పింది కదా?"

"చెప్పమని నేను చెబితే చెప్పింది. ప్రశ్న నేను అనువదించలేదు. యెస్ అని చెప్పెయ్, ఆయన కార్‌లో వెయిట్ చేస్తున్నాడు అన్నాను. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నేను విననివ్వలేదు."

అతని లాయర్ లేచాడు. మీకు అప్పుడు ఏ అనుమానమూ రాలేదు కదా అన్నాడు. రాలేదన్నాను. మెడ మీద మచ్చలు మీరూ చూశారు కదా అన్నాడు. చూశానన్నాను. సొంత అక్కకే తెలియనిది, ఒక టెక్నీషియన్‌కు ఎలా తెలిసిందంటారు అన్నాడు.

"ఆవిడ చూసింది. నేను చూసి కూడా వద్దనుకున్నాను."

వెనకనుంచి ఒకావిడ, "అయ్యో, ఆవిడ తప్పేముందమ్మా," అంటోంది తెలుగులో. ఎవరో ఆమెను ఊరుకోమన్నారు. నీలం కోటు మనిషి మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపముంది. పార్కింగ్‌లో మీరున్నారుగా, నాకు టెన్షన్ లేదు అన్నప్పుడు లేనిది.

మొదటినుంచీ కొట్టేవాడని జ్యూరీ నమ్మింది. ఎన్నేళ్లు వేశారో రాయడం వల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. నా సాక్ష్యం అయిన రోజు నేను కోర్టు మెట్లు దిగుతుంటే టెక్నీషియన్ కింద నిలబడి ఉంది. సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. నేనే దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆమె ముందే, నిన్ను ఆ రోజు గదిలోంచి బయటికి తోసేయాల్సింది, చేయలేకపోయాను అంది. అవును, తోసేయాల్సింది అన్నాను.

పోయిన నెల మా వీధిలో ఉండే ఒకామె ఫోన్ చేసింది.

"అక్కా, మా అత్తయ్యగారికి థైరాయిడ్ స్కాన్ రాశారు. గురువారం నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మీరు తీసుకెళ్తారా? ఆవిడ ఒకటే భయపడుతున్నారు."

"ఆవిడకి ఫోనివ్వు," అన్నాను.

పెద్దావిడకు ఉన్నదంతా చెప్పాను. టిఫిన్ తినే వెళ్లొచ్చండీ, పరగడుపున ఉండక్కర్లేదు. మందులు మామూలుగానే వేసుకోండి. మెడ వదులుగా ఉండే జాకెట్టు వేసుకోండి. గొలుసులు తీయమంటారు. మెడ వెనక్కి వాలుస్తారు కాబట్టి మెడనొప్పులుంటే ముందే చెప్పండి. నొప్పుండదు. ఆపాలనిపిస్తే చెయ్యెత్తండి, ఆపుతారు. రిపోర్ట్ ఆ రోజు చెప్పరు, చెప్పలేదని కంగారుపడకండి. ఇవి కాకుండా ఇంటి సంగతులు ఏవో అడుగుతారు. అందర్నీ అడుగుతారు. మీకు ఏది నిజమో అది మీరే చెప్పండి.

"నాకు ఇంగ్లిష్ రాదు కదమ్మా. నువ్వు పక్కనుండి చెబుదువుగాని."

"ట్యాబ్లెట్‌లో తెలుగు వచ్చినవాళ్లు వస్తారండీ. బాగా చెబుతారు."

కోడలు ఫోన్ తీసుకుంది. "మీరుండగా ముక్కూమొహం తెలీని ఇంటర్‌ప్రెటర్ ఎందుకక్కా?"

"ముక్కూమొహం తెలీదు కాబట్టే," అన్నాను.

గురువారం పెద్దావిడను నేనే కార్‌లో తీసుకెళ్లాను. పేరు పిలిచారు. ఆవిడ వెనక్కి వెనక్కి చూస్తూ ఒక్కతే లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు నేను ఎవరి వెంటా ఆ గదుల్లోకి వెళ్లడం లేదు.